మింగని మాత్రలు

నాలుగేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉంది. కిందికి దిగదు. పైకి రాదు. అన్నం తింటున్నా, పాపకి జోల పాడుతున్నా, ఆయన చెప్పే కబుర్లకి నవ్వుతున్నా అది అక్కడే ఉంటుంది. మొదట్లో చాలా బరువుగా ఉండేది. తర్వాత అలవాటైంది. బరువు అలవాటైతే తగ్గినట్టేననుకున్నాను. తగ్గలేదు. నేను వంగిపోయాను, అంతే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఊరి పేరూ రాయను. ముమ్మిడివరానికి దగ్గర అంటే చాలు. పాప, ఆయన పడుకున్నారు. నా ముందు బల్ల మీద ఒక ఫారం ఉంది. కాకినాడలో మేము పిల్లల కోసం చూపించుకున్న ఆసుపత్రి వాళ్ళది. అక్కడ మావి రెండు పిండాలు అతిశీతలంలో దాచి ఉన్నాయి. వాటిని ఇంకా ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడిగారు. తీసెయ్యండి అన్నచోట ఆయన గుర్తుపెట్టి సంతకం చేశారు. కింద నా సంతకం కావాలి. రేపు వెళ్ళి ఇచ్చి రావాలి.

ఆయన వాటిని వద్దనడానికి కారణం ఒక అబద్ధం. ఆయన దాన్ని నమ్మారు. దాన్ని చెప్పింది నేను.

మా నాన్నవి రొయ్యల చెరువులు. చెరువు గట్ల మీదే పెరిగాను. అమలాపురంలో డిగ్రీ చేశాను, ఆక్వాకల్చర్ తీసుకుని. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో మా మేడం ఒక చుక్క చెరువు నీళ్ళు గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. చూసి తల పక్కకి తీసేశాను. మళ్ళీ చూశాను. పచ్చనివి, పారదర్శకమైనవి, తిరిగేవి, తోక కొట్టేవి. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి ఆడుకున్నాను. అందులో ఇంత లోకముందని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు గట్టు మీద కూర్చున్నాను. భయమో భక్తో తెలియలేదు.

ఇదెందుకు చెప్తున్నానంటే, నాకు తెలియక చేశానని మీరు అనుకోకూడదు.

చెరువులవాళ్ళకి ఒక అలవాటుంది. రొయ్య చచ్చి తేలితే ప్రతి రైతూ ముందు అనే మాట ఒకటే: "మా నీళ్ళు మంచివేనండి. పక్క చెరువులోంచి వచ్చింది తెగులు." పక్క చెరువాయన కూడా అదే మాట అంటాడు, వేలు ఇటు చూపించి. మా నాన్నా అన్నారు. నేనెప్పుడూ నవ్వుకునేదాన్ని.

నా పెళ్ళయ్యేనాటికి మావారు ఖతార్‌లో ఏసీ మెకానిక్. ఏడాదిన్నరకోసారి నలభై రోజుల సెలవు మీద వచ్చేవారు. మూడు సెలవులు గడిచాయి, పిల్లలు లేరు. ఊళ్ళో అందరూ నా వైపే చూశారు. నా పరీక్షలన్నీ అయ్యాయి, పెద్ద లోపమేమీ కనిపించలేదన్నారు. అప్పుడు డాక్టరుగారు ఆయన్ని తీసుకురమ్మన్నారు. నాలుగో సెలవులో ఆయన దిగిన మూడో రోజే కాకినాడ వెళ్ళాం. ఆయన వీర్యం శాంపిల్ పరీక్షకి ఇచ్చి, వారం తర్వాత రిపోర్టుల కోసం కూర్చున్నాం.

డాక్టరుగారు ఆవిడ. నెమ్మదిగా మాట్లాడతారు. "వీర్యంలో చీము కణాలు ఎక్కువగా ఉన్నాయండి. కల్చర్‌లో పెట్టి పెంచి చూస్తే సూక్ష్మజీవులు కూడా పెరిగేయి. అవి ఉన్నచోట వీర్యకణాలు సరిగ్గా ఈదలేవు. ఈదినా, అవి మోసుకెళ్ళే జన్యుపదార్థం దెబ్బతినొచ్చు. మందులున్నాయి, కంగారేం లేదు" అన్నారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎలా వచ్చిందండీ? నేను అలాంటి… అంటే, నాకు వేరే…"

"నేనది అడగలేదు కదండీ. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి సరిగ్గా తగ్గకపోయినా లోపలికి పాకొచ్చు. ఇంకోలాగా రావచ్చు. ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి ఎవరికొచ్చింది అన్నది ఈ కాగితం చెప్పదు. మందు మాత్రం ఇద్దరూ వేసుకోవాలి. పూటకొకటి, ఇరవై ఒక్క రోజులు. ఒక్క పూటా మానకూడదు." అని నా వైపు తిరిగారు. "మీది చెరువుల వైపే కదమ్మా? రెండు చెరువులకి మధ్య తూముంటే, ఒకదానికే మందు చల్లితే ఏమవుతుంది?"

"రెండోదాన్లోంచి మళ్ళీ వచ్చేస్తుందండి" అన్నాను.

చక్కగా చెప్పావన్నట్టు తలూపారు. జవాబు సరిగ్గానే చెప్పాను. చూశారా.

ఇంటికొచ్చాక మా తోటికోడలు మాత్రల అట్టలు చూసి అడిగింది. ఆవిణ్ణి అక్కా అంటాను. ఉన్నది చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఖతారెళ్ళినోడు అత్తరు సీసాలే తెస్తాడనుకున్నావేంటే పిచ్చిదానా!" అంది. ఆ తర్వాత వెంటనే, "ఊరికే అన్నాన్లే, మా మరిది అలాంటోడు కాదు" అని కూడా అంది. రెండో మాట నా చెవికెక్కలేదు. మొదటిదే ఎక్కింది.

మొదటి మాత్ర ఆ సాయంత్రమే. ఆయన రెండు గ్లాసులతో నీళ్ళు తెచ్చారు. నా చదువు గురించి ఆయనకి గొప్ప, ఎప్పుడూ బీఎస్సీగారూ అని ఏడిపించేవారు. "బీఎస్సీగారూ, బెల్లు కొట్టేరు. పరీక్ష మొదలు. రండి రండి" అన్నారు. ఆయన మింగి నోరు తెరిచి చూపించారు, చిన్నపిల్లాడిలాగ. నేను మాత్ర నోట్లో వేసుకుని చెంప పక్కకి తోసి, నీళ్ళు తాగి, గ్లాసు కడగడానికన్నట్టు పెరట్లోకి వెళ్ళాను. కొబ్బరిచెట్టు పాదులో ఉమ్మేశాను.

ఎందుకు? ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కోపమా? ఉంది. ఆయన అక్కడ ఏం చేశారో అన్న అనుమానం ఉంది, దానికి ఒక్క ఆధారమైనా లేకపోయినా. కానీ అది మాత్రమే కాదు. మూడు సెలవుల పాటు లోపం నాదేనని అందరూ అన్నారు. ఇప్పుడు కాగితం మీద ఆయన పేరు కింద రాసి వచ్చింది. ఆ మాత్ర మింగితే మళ్ళీ సగం లోపం నాదవుతుందనిపించింది. నా నీళ్ళు మంచివే అనుకోవాలనిపించింది. నవ్వుకునేదాన్నని చెప్పాను కదా ఆ రైతులని చూసి. చదువుకున్నదాన్ని. వాళ్ళలాగే వేలు పక్కకి చూపించాను.

ఇరవై ఒక్క రోజులు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రోజూ ఆయన అడిగారు. రోజూ వేసుకున్నానన్నాను. పైపూత కరిగి నాలుక మీద చేదు మిగిలేది. ఆ చేదుని కూడా నీళ్ళతో పుక్కిలించేదాన్ని.

కోర్సయ్యాక ఆయనకి మళ్ళీ పరీక్ష చేశారు. శుభ్రంగా ఉందన్నారు. చీము కణాలు తగ్గాయి, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో. డాక్టరుగారు సెలవు లెక్కచూశారు. ఆయన వెళ్ళేలోపు శాంపిల్ తీసి దాచిపెడదాం, తర్వాత ఆయన అక్కడున్నా నాకు ఇక్కడ చికిత్స చెయ్యొచ్చు అన్నారు. శాంపిల్ ఇచ్చేవరకూ దూరంగా ఉండమని ఒక మాట అన్నారు. ఆ మాట నేనూ విన్నాను, ఆయనా విన్నారు. కానీ ఏడాదిన్నర తర్వాత వచ్చిన మనిషి. వారంలో మళ్ళీ వెళ్ళిపోయే మనిషి. "ఇద్దరం కోర్సు చేసేంగా, ఇంకేం భయం?" అన్నారు. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే మాత్రల సంగతి చెప్పాలి.

అక్కడ ఆగి ఉండాల్సింది. అప్పటికీ ఏమీ పోలేదు. ఒక్క మాట. నవ్వుతూ చెప్పినా సరిపోయేది: "నేను మందులు వేసుకోలేదండీ, మొండితనం చేసేను." తిట్టేవారు. అంతే.

విమానానికి రెండు రోజుల ముందు వెళ్ళాం. "ఇద్దరూ కోర్సు పూర్తి చేసేరా?" అని డాక్టరుగారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఆయ్, పూర్తి చేసేమండీ. రోజూ దగ్గరుండి నేనే వేయించేను. చదువుకున్నవాళ్ళని నమ్మకూడదండి, మందులు ఎగ్గొడతారు." అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఇంకోసారి కల్చర్ పెడితే రిపోర్టు వచ్చేసరికి విమానం వెళ్ళిపోతుంది. ఇద్దరూ పూర్తిగా వాడారు కదా అని ఆ నమ్మకం మీదే తీసి దాచారు.

ఆయన వెళ్ళిపోయారు. రెండు నెలల తర్వాత నాకు సూదులు మొదలుపెట్టారు. నాన్నే తీసుకెళ్ళేవారు. ముమ్మిడివరం వచ్చి, అక్కడ బస్సెక్కి, ఎదుర్లంక దాటి వంతెన మీద గోదావరి చూస్తూ వెళ్ళేవాళ్ళం. నా నుంచి అండాలు తీశారు. దాచిన శాంపిల్ కరిగించి, కడిగి, గాజుగిన్నెలో వాటితో కలిపారు. వీర్యాన్ని కడుగుతారని నాకప్పుడే తెలిసింది. బాగా ఈదేవి వేరుపడతాయట, చెత్త వెనక మిగులుతుందట. అయినా కడిగినంత మాత్రాన అన్ని సూక్ష్మజీవులూ పోవు. అది తర్వాత తెలిసింది.

మర్నాడు ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి బయటికొచ్చి, "ఏడు ఫలదీకరణ అయ్యేయండి. చూస్తారా?" అంది. లోపలికి రానివ్వరు, గాజు కిటికీ అవతల తెర ఉంది. తెర మీద ఒక గుండ్రటి వెలుగు. మంచుబిందువులాగ స్వచ్ఛంగా. దాని నడుమ రెండు చిన్న వలయాలు, ఒకదానికొకటి ఆనుకుని.

"ఒకటి మీది, ఒకటి వారిదండి. ఇంకాసేపట్లో రెండూ కలిసిపోతాయి" అంది ఆ అమ్మాయి.

నేను గాజుకి దగ్గరగా జరిగాను. ఆయన సముద్రానికి అవతల ఎక్కడో మేడల మీద ఏసీలు బిగిస్తున్నారు. నేను ఇక్కడ గాజు కిటికీ దగ్గర నిలబడ్డాను. మేమిద్దరం అక్కడ, కంటికి కనపడని చోట, భుజం భుజం ఆనించుకుని కూర్చున్నాం. ఇది నేను చదువుకున్నదే. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదే. అయినా చెప్పులు విడిచి నిలబడాలనిపించింది. విడిచాను కూడా. నాన్న చూసి, వాటిని తీసి గోడ పక్కన పెట్టారు.

ఆ రెండు రోజులూ వంతెన అవతల నాకు ఏడుగురున్నారు. ఎసరు పెడుతున్నప్పుడు, దండెం మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు ఉన్నట్టుండి గుర్తొచ్చేది. ఈ పాటికి నాలుగు కణాలయ్యుంటాయి. ఈ పాటికి ఎనిమిది.

మూడో రోజు ఫోను వచ్చింది. రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.

గిన్నెలో సూక్ష్మజీవులు పెరిగిపోయాయని డాక్టరుగారు చెప్పారు. అరుదుగా అవుతుందన్నారు. మిగిలిన శాంపిల్ పరీక్ష పెడితే అందులోనూ అవే ఉన్నట్టు కనిపిస్తున్నాయన్నారు. ఏడూ పాడైపోయాయి. నేను చూస్తానన్నాను. వద్దన్నారు. నేను ఆక్వాకల్చర్ చదివాను, చూడగలను అన్నాను. అది గొప్పకి అనలేదు. చూడకపోతే నమ్మలేనేమోనని అన్నాను.

మొన్నటి స్వచ్ఛమైన చుక్క బియ్యం కడుగు నీళ్ళలా ఉంది. ఆ తెల్లదనంలో ఒక పిండం అంచులు చెదిరి కనిపించింది. ఆ అమ్మాయి ఇంకా పెద్దది చేసింది. అప్పుడు కనిపించాయి. లెక్కలేనన్ని చిన్న చిన్న కడ్డీలు. మెరుస్తూ, తిరుగుతూ, రెండుగా విడిపోతూ. వాటికి కోపం లేదు. మా మీద పగ లేదు. తిండి ఉన్న వెచ్చటి చోటు దొరికింది, పెరిగాయి. పిల్లల్ని కన్నాయి. నేను కోరుకున్నది కూడా అదే కదా. ఎంత చిన్నవి. ఎంత బలం. నిజం చెప్తున్నాను, ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యమే. ఇరవై ఒక్క రోజులు నేను నోట్లోంచి ఉమ్మేసింది వీటిని బతికించడానికని, నిలబడ్డచోటే అర్థమైంది.

సాయంత్రం ఆయన వీడియో కాల్ చేశారు. గదిలో పై మంచం మీద కూర్చుని ఉన్నారు, వెనక ఎవరివో తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"ఏమన్నారు డాక్టరుగారు?"

"పోయేయండీ. గిన్నెలో సూక్ష్మజీవులు చేరేయట."

"అన్నీనా?"

"ఏడూ."

ఫోను పట్టుకుని గది బయటికి నడిచారు. తర్వాత, "ఎక్కణ్ణించి వచ్చేయట?"

"శాంపిల్లోంచి అన్నారు."

"అంటే నాదాన్లోంచా?" అన్నారు. మళ్ళీ తనే, "తగ్గిపోయిందన్నారు కదే? నువ్వు మందులన్నీ సరిగ్గానే వేసుకున్నావు కదా?"

"ఆయ్" అన్నాను.

"అయితే నాదేలే. నా ఒంట్లోనే ఎక్కడో దాక్కునుంటది. నువ్వేం బెంగపెట్టుకోకు. నీ తప్పేం లేదు."

ఆయన నన్ను ఓదార్చారు. అర్థమైందా మీకు? ఆయన నన్ను ఓదార్చారు. నేను ఓదార్చనిచ్చాను.

మరుసటి సంవత్సరం ఆయన ఖతార్ వదిలేసి వచ్చేశారు. వచ్చిన వారానికి అత్తయ్యగారు నా ముందే అన్నారు: "ఇంక పిల్ల ఒంట్లోనే ఉందేమోరా లోపం. వేరే ఎక్కడైనా చూపించు." బావగారు, అక్క అందరూ అక్కడే ఉన్నారు. ఆయన పళ్ళెంలో చెయ్యి ఆపి, "లోపం నాదమ్మా. నా ఒంట్లో చీముందంట. దాన్నింకేం అనకండి" అన్నారు. మా వైపు మగవాళ్ళు ఇలాంటి మాట నలుగురిలో అనడం నేను ఎప్పుడూ వినలేదు. అందరూ తలలు వంచుకుని తిన్నారు. ఆయన గొప్పతనం చూసి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. నోరు తెరవాలని మాత్రం అనిపించలేదు.

మాట ఆగుతుందా? టీకొట్టు దాకా వెళ్ళింది. "ఏరా, ఖతార్నించి అందరూ బంగారం తెస్తే నువ్వు జబ్బు తెచ్చేవంట?" అని ఎవరో అన్నారట. ఆయనా నవ్వి, "ఆయ్, కస్టమ్స్‌వాళ్ళు పట్టుకోలేదండి" అన్నారట. ఇంటికొచ్చి నాకు చెప్పి మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత టీకొట్టుకి వెళ్ళడం మానేశారు. ఇప్పుడు చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తారు. పని, ఇల్లు. అంతే.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ ఇద్దరికీ మందులు. ఈసారి ప్రతి మాత్రా మింగాను. ఆయన అడగకముందే మింగాను. దూరంగా ఉండమన్నన్నాళ్ళూ ఉన్నాం. ఇద్దరి పరీక్షలూ శుభ్రంగా వచ్చాయి. అయినా డాక్టరుగారు ఇంకో మూడు నెలలు ఆగమన్నారు. వీర్యకణం ఒకటి తయారవ్వడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుందట. చీములో తయారైనవి పోయి, శుభ్రమైన ఒంట్లో తయారైనవి రావాలట. ఆ మాట విన్నాక ఆయన వైపు వేరేగా చూశాను. మోటారు విప్పుతూ, చెమట తుడుచుకుంటూ, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ ఉన్న మనిషి. లోపల, ఆయనకే తెలియకుండా, క్షణం ఆగకుండా కొత్తవి పుడుతున్నాయి. మనిషి ఒళ్ళు ఎంత ఓపికైంది. ఎంత పాడుచేసినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. మనసుకి ఆ ఓపిక ఎందుకు లేదు?

ఈసారి గిన్నెలో కలపలేదు. ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క వీర్యకణాన్ని సన్నటి సూదితో పంపారు. మూడు పిండాలు నిలిచాయి. ఒకటి మా పాప. మిగిలిన రెండే ఈ ఫారంలో ఉన్నవి.

పాపకిప్పుడు పదిహేను నెలలు. దాని గోళ్ళు చూస్తే ఇంకా నమ్మలేను. ఇంత సన్నగా, ఇంత సరిగ్గా ఎవరు చేశారు? పడుకున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. రాత్రికి నాలుగైదుసార్లు లేస్తాను. దగ్గితే నాకు శిక్ష మొదలైందనుకుంటాను. నేను చేసినదానికి దేవుడు దాన్నేం చెయ్యడు, అలాంటి లెక్కలుండవు, చదువుకున్నదాన్ని, తెలుసు. అయినా లేస్తాను.

కానీ నాకు మాత్రలకన్నా ఎక్కువ చేదుగా ఉన్నది ఇది. ఆయన పాపని ఎత్తుకునే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటారు. ఒకసారి కాదు, రెండుసార్లు. చూసేవాళ్ళు మోటార్ల గ్రీజు కోసమనుకుంటారు. ఆదివారం పనికి వెళ్ళని రోజు కూడా కడుక్కుంటారు. పాపని ముద్దుపెట్టుకోరు. తన కంచంలోంచి ముద్ద పెట్టరు. అది ఆయన గ్లాసు అందుకోబోతే లాక్కుంటారు. ఎనిమిదో నెలలో పాపకి జ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు, పిల్లలకి మామూలేనన్నారు. ఆసుపత్రి వరండాలో ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయారు. "నాలోంచే వచ్చుంటది దీనికి" అన్నారు. కాదన్నాను. అలా రాదని పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన వినలేదు. ఎందుకు వింటారు? అసలు చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను.

ఈ వారం ఫారం వచ్చినప్పుడు, "తీసెయ్యమందాం. నాలోంచి ఇంకొకళ్ళకి వద్దు" అన్నారు. ఒక పిల్లని చూసి కూడా. అంత ఆరోగ్యంగా తిరిగే పిల్లని చూసి కూడా.

ఇంకోటి ఉంది. ఇది రాయకుండా ముగిద్దామనుకున్నాను. ఇంత రాసి ఇది దాస్తే మళ్ళీ మాత్ర చెంపకి పెట్టుకున్నట్టే. పెళ్ళయిన మొదటి సంవత్సరం, ఆయన వెళ్ళిపోయాక, నాకు మూత్రంలో మంట వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, జ్వరం. ఎవరికీ చెప్పడానికి సిగ్గేసి బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు తాగాను. కొన్నాళ్ళకి తగ్గింది. తగ్గిందో, లోపలికి వెళ్ళిందో. నా పరీక్షలప్పుడు డాక్టరుగారు సరిగ్గా అదే అడిగారు, ఎప్పుడైనా మంట, నొప్పి ఉన్నాయా అని. లేవన్నాను. అందుకే దాని కోసం ఎవరూ వెతకలేదు. అసలు మొదట ఎవరి నుంచి ఎవరికి వచ్చింది? కాగితం చెప్పదు. నా నుంచే వెళ్ళి ఉండొచ్చు. ఈ అనుమానం తర్వాతెప్పుడో వచ్చినది కాదు. తూము సంగతి డాక్టరుగారు అడిగిన రోజే, జవాబు చెప్తూనే, నాకు ఆ మంట గుర్తొచ్చింది. అందుకే మాత్ర అంటే అంత భయమేసింది. అనుమానం ఆయన మీద అని ఇందాక రాశాను. అది సగమే. మిగతా సగం నా మీద.

రేపు బస్సెక్కకముందే చెప్పాలి. చెప్తే ఏమవుతుందో చాలా ఊహించాను. పాపని తీసుకుని వాళ్ళమ్మగారి గదిలో పడుకుంటారేమో. నెలల తరబడి మాట్లాడరేమో. వెళ్ళిపొమ్మంటారేమో. వీటన్నిటికన్నా నాకు భయమైనది ఇంకోటి. ఆయన వెంటనే, "పోన్లే" అనేస్తారేమో. అది ఆయనకి చేతనవును. అలా అనేసి మళ్ళీ వెళ్ళి సబ్బు తీసుకుంటారేమో. నాలుగేళ్ళు నమ్మినది ఒక్క మాటతో పోతుందా? నాకు క్షమాపణ అక్కర్లేదని గొప్పగా రాయలేను. కావాలి. కానీ అది అడగడానికి చెప్పకూడదు. కోర్సయ్యాక ఆయన ఒళ్ళు శుభ్రంగానే ఉందని, ఆయన చెయ్యాల్సిందంతా చేశారని ఆయనకి తెలియాలి. దాని తర్వాత ఆ రెండింటినీ ఏం చెయ్యాలో ఆయన మళ్ళీ ఆలోచించుకోవాలి. నిజం తెలిసి కూడా వద్దంటే నేను సంతకం పెడతాను. ఆ హక్కు ఆయనకుంది.

నోటితో అనేముందు చేత్తో ఒకసారి రాసి చూస్తున్నాను, మీ ముందు. మందులు నేను వేసుకోలేదు. వేసుకున్నానని చెప్పాను. ఆయనకి తగ్గింది. మళ్ళీ నా నుంచి వచ్చింది. ఏడుగురూ పోయింది నావల్ల.

నాలుగేళ్ళ తర్వాత, ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే కాదు, మీకూ.